మెయిల్ బండి మీద వ్యాసం రాసిన అమ్మాయికి

అమ్మాయ్,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. 1955 నాటి అమెరికా మెయిల్ రైలు నమూనాను హెచ్‌ఓ స్కేల్‌లో (అసలు బండిలో దాదాపు ఎనభై ఏడో వంతు) ఎలా కట్టావో ఓపిగ్గా రాశావు. బోగీల కొలతలు, రంగులు, రివెట్ల వరసలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ అంత పొడవు బండిలో నాకు ఒక్క ఉత్తరం కూడా కనిపించలేదమ్మా. అందుకే ఇంత పెద్ద జాబు రాస్తున్నాను.

మొదటి రెండు పేజీలూ చరిత్రకే పోయాయి. 1864 ఆగస్టు 28న షికాగో నుంచి అయోవాలోని క్లింటన్‌కు జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్ నడిపించిన తొలి పోస్టాఫీసు బోగీ (బండి నడుస్తుండగానే ఉత్తరాలు ఊళ్ళవారీగా వేరుచేసే బోగీ) దగ్గర మొదలుపెట్టావు. ఆ సంగతి ముఖ్యమైనదే, కాదనను. అయితే నీ బండి కదిలేది దానికి తొంభై ఏళ్ళ తర్వాత. ముందు మమ్మల్ని ఆ రాత్రి ప్లాట్‌ఫారం మీద నిలబెట్టు. బయల్దేరడానికి పది నిమిషాలుంది, ఎవరో పరుగెత్తుకుంటూ వచ్చి పోస్టాఫీసు బోగీ పక్కనున్న సన్నటి చీలికలో కవరు వేశాడు. అక్కడ మొదలుపెట్టు. మన ఆర్‌ఎంఎస్ (రైల్వే మెయిల్ సర్వీస్) బోగీలో ఆఖరి నిమిషంలో ఉత్తరం వేసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళకి చటుక్కున అర్థమవుతుంది. 1864 తర్వాత ఎక్కడో ఒక వాక్యంలో ఇమిడిపోతుంది.

నేనూ ఈ పొరపాటే చేశాను. చాలా ఏళ్ళ కిందట నా లేఅవుట్‌లో, అంటే నా నమూనా రైల్వేలో, ఒక చిన్న స్టేషన్ కట్టి, బండి ఆగకుండానే టపా అందుకునే ఏర్పాటు పెట్టాను. పట్టాల పక్కన స్తంభం, దానికో కొక్కెం, కొక్కేనికి గోధుమరంగు సంచి. దాని మీద నాలుగు పేజీల వ్యాసం కూడా అచ్చయింది. ఒకసారి మెయిల్ బోగీలో పనిచేసి రిటైరైన పెద్దాయన మా ఇంటికి వచ్చారు. ఆ సంచి వైపు కాసేపు చూసి, "దీనికి నడుమేది?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయనే కాగితం మీద గీసి చూపించారు. సంచిలో టపాను పైకి సగం, కిందికి సగం సర్ది, మధ్యలో పట్టీతో బిగించి కడతారట. స్తంభానికి పైనా కిందా ఉన్న రెండు చేతుల మధ్య దాన్ని నిలువుగా నిలబెడతారు. బోగీ తలుపు దగ్గర క్లర్కు ఇనప చెయ్యి బయటికి తిప్పితే, అది వేగంగా వచ్చి సరిగ్గా ఆ నడుం దగ్గర తగిలి సంచిని లాక్కుంటుంది. దాదాపు అదే క్షణంలో క్లర్కు ఆ ఊరికి ఇవ్వాల్సిన సంచిని కాలితో బయటికి తన్నాలి. ఇదంతా చెబుతుంటే ఆయన కుడికాలు కుర్చీ కింద చిన్నగా కదిలింది. నా నాలుగు పేజీల్లో ఆ కాలు లేదు. ఆ రాత్రే సంచి విప్పి, దారంతో నడుం కట్టాను.

నీ బండిలో ప్రతి బోగీనీ అలాగే అడుగు: నీలో ఏముంది, ఎవరు ఎక్కించారు, ఎక్కడ దింపుతారు? అరవై అడుగుల పోస్టాఫీసు బోగీ మన స్కేల్‌లో ఇరవై ఒక్క సెంటీమీటర్లు. లోపల గళ్ళ అరల ముందు నిలబడి రాత్రంతా సార్టింగ్ చేసే మనుషులున్నారు, నడుముకి రివాల్వర్ కూడా ఉంది. ప్రయాణికులు వాళ్ళ మధ్యలోంచి నడవకూడదు కాబట్టే ఆ బోగీ మామూలుగా ముందువైపు, ఇంజిన్‌కు దగ్గరగా ఉంటుంది. ఈ కారణం రాయకుండా వరస మాత్రం చెబితే అది జాబితా అవుతుంది. దారిలో విప్పని సంచులు వేరే స్టోరేజీ బోగీలో వెళ్తాయి. రైల్వే ఎక్స్‌ప్రెస్ ఏజెన్సీ (రైళ్ళలో పార్సిళ్ళు చేరవేసిన కంపెనీ) వాళ్ళ ఐసు బోగీలో స్ట్రాబెర్రీలో చేపలో ఉంటాయి, వాటికి ఆలస్యం పనికిరాదు. యుద్ధకాలంలో సైనికులు పడుకున్న బోగీలనే తర్వాత ఎక్స్‌ప్రెస్ సామానుకు మార్చారు. నీ బండిలో అలాంటిది ఒకటుంది, దాని గురించి రంగు నంబరు తప్ప ఏమీ రాయలేదు! మూసేసిన ఆ కిటికీల మీద ఒక పేరా రాయి.

ఎనభై అయిదు అడుగుల బోగీలు పద్దెనిమిది అంగుళాల వ్యాసార్ధం ఉన్న వంపులో పట్టాలు తప్పుతున్నాయని రాశావు చూడు, ఆ భాగం నాకు బాగా నచ్చింది. అక్కడ నీ టెన్షన్ కనిపించింది. దాన్ని కుదించకు.

మాటల సంగతి. "గ్రహణ హస్తం", "వర్గీకరణ శకటం" తీసెయ్. క్యాచర్ అను, ఇనప చెయ్యి అను. సార్టింగ్ అంటే మన ఆర్‌ఎంఎస్ వాళ్ళందరికీ తెలుసు.

చివర్లో 1967లో పోస్టల్ శాఖ చాలా రైళ్ళ నుంచి టపా తీసేసిందనీ, ఆ ఆదాయం పోయాక ఎన్నో ప్యాసింజర్ బండ్లు ఆగిపోయాయనీ హడావిడిగా ముగించావు. 1977 జూన్ 30న న్యూయార్క్, వాషింగ్టన్ మధ్య బయల్దేరిన ఆఖరి పోస్టాఫీసు బోగీ కూడా ఒక్క వాక్యమే అయింది. అవి ఇంకో వ్యాసానికి దాచుకో. ఈ బండికి 1955లోనే తెల్లారనివ్వు.

తిరగరాశాక పంపు. ప్లాట్‌ఫారం మీద వేసిన ఆ కవరు ఏ ఊళ్ళో దిగిందో చూస్తాను.

మీ మాష్టారు