విమ్‌లో పర్సెంట్ నొక్కే ముందు

అమ్మలూ,

సోమవారం నుంచి ఆ వెబ్‌సైట్ పేజీలన్నీ నువ్వే చూసుకుంటావని, పనంతా సర్వర్ మీద విమ్ అనే ఎడిటర్‌లోనే అని వదిన ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

బ్యాకప్ తీసుకో, లైవ్ ఫైల్ ముట్టుకోకు. ఇవి నీకు తెలిసినవే.

నేను చేసిన తప్పు విను. ఒక కాలేజీ అడ్మిషన్ల పేజీ, మర్నాడే చివరి తేదీ. పాత ప్రకటన ఉన్న డివ్, అంటే పేజీలోని ఆ ముక్క, తీసేయాలి. ఆ ఫైల్‌కి డాట్ పార్ట్ అని ఏదో సొంత ఎక్స్‌టెన్షన్. డివ్ మీద కర్సర్ పెట్టి డీ (చెరిపేది), పర్సెంట్ (జత దగ్గరికి దూకేది) కొట్టాను, క్లోజింగ్ ట్యాగ్ దాకా పోతుందని. ఆ ఫైల్ హెచ్‌టీఎంఎల్ అని విమ్‌కి తెలిస్తే కదా! తెలియనప్పుడు అది ట్యాగులు చూడదు, అదే లైన్లో ముందుకెళ్లి బ్రాకెట్ వెతుక్కుంటుంది. ఆ లైన్ చివర ఒక స్క్రిప్ట్ ఫ్లవర్ బ్రాకెట్ మొదలైంది, దాని జత 40 లైన్ల కింద ఉంది. ప్రకటనతో పాటు ఫారం పంపే ఫంక్షన్ కూడా పోయింది. అన్ని లైన్లు తగ్గాయని విమ్ కింద చెబుతూనే ఉంది, నేను చూడలేదు. పేజీ తెరిస్తే ప్రకటన లేదు, బటన్ ఉంది. ఇంటికెళ్లి పడుకున్నాను. పొద్దున్నే ఒక తండ్రి ఫోన్: "రాత్రంతా నెట్ సెంటర్లోనే కూర్చున్నాం బాబూ, నొక్కుతుంటే పోవట్లేదు." ఆ గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది తల్లీ.

అందుకే ఫైల్ తెరవగానే ":సెట్ ఫైల్‌టైప్?" అని అడుగు. ఖాళీగా వస్తే ":సెట్ ఫైల్‌టైప్=హెచ్‌టీఎంఎల్" కొట్టు. ఆ ఎక్స్‌టెన్షన్ రోజూ వచ్చేదైతే డాట్‌విమ్‌లోని ఎఫ్‌టీడిటెక్ట్ ఫోల్డర్లో అది హెచ్‌టీఎంఎల్ అని ఒక్క లైన్ రాసి పెట్టుకో. టైప్ సరిగ్గా ఉన్నా పర్సెంట్ ట్యాగ్ జతకి దూకకపోతే, ":ఎకో బీ:మ్యాచ్_వర్డ్స్" చూడు. ఎర్రర్ వస్తే విమ్ సెట్టింగ్స్ ఫైలైన విమ్‌ఆర్‌సీలో "ఫైల్‌టైప్ ప్లగిన్ ఆన్" లేదన్నమాట, లేదా పర్సెంట్‌ని ట్యాగ్ జతకి దూకించే మ్యాచిట్ ప్లగిన్ లోడ్ కాలేదన్నమాట. ఆ లైన్ ఉన్నా ఎర్రర్ వస్తే "ప్యాక్‌యాడ్! మ్యాచిట్" కూడా అందులో కలుపు. నియోవిమ్ అయితే మ్యాచిట్ దానంతటదే లోడవుతుంది. ఇంకోటి, కర్సర్ యాంగిల్ బ్రాకెట్ మీదుంటే పర్సెంట్ దాని జతకే వెళ్తుంది. ట్యాగ్ పేరు మీద పెట్టు.

ఎన్ని చేసినా సరే, డీ పర్సెంట్ మాత్రం కొట్టకు. ట్యాగ్ మొత్తాన్ని సెలెక్ట్ చేసే వీ ఏ టీ నొక్కు, దానికి ఫైల్‌టైప్‌తో పని లేదు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా సెలెక్ట్ అయిందో కళ్లారా చూసి, అప్పుడు డీ కొట్టు. మీ మేనేజర్ తొందరపెట్టినా సరే. నువ్వు టెన్షన్‌లో అన్నం మానేసే పిల్లవి, నాకు తెలుసు.

సోమవారం మొదటి ఫైల్ తెరిచాక ఫైల్‌టైప్ ఏమొచ్చిందో నాకు మెసేజ్ పెట్టు. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

మీ బాబాయ్