మీ అమ్మ పాస్‌పోర్టు నీ సంచిలో పెట్టకు

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కందిపప్పు ధర, పక్కింటివాళ్ల గృహప్రవేశం, తన మోకాలు, అన్నీ అరగంట చెప్పి, ఇక పెట్టేస్తాననగా "అక్కా, నవంబరులో బుజ్జి నన్ను జపాన్ తీసుకెళ్తోంది, గ్రూపు టూరు, ఎనిమిది రోజులు" అంది. సంతోషాన్ని చివర్లో, చిన్న గొంతుతో చెప్పడం దానికి చిన్నప్పట్నుంచీ అలవాటు. టెన్త్ ఫస్ట్ క్లాసులో పాసైన సంగతి కూడా అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ చెప్పింది.

నాకు గర్వంగానే ఉంది. మా రోజుల్లో తల్లిని కాశీ తీసుకెళ్లిన కొడుకు గురించి ఊరు పదేళ్లు చెప్పుకునేది. నువ్వు కూతురువి, నీ జీతంతో జపానే తీసుకెళ్తున్నావు. మీ నాన్న పెరుగన్నం లేకుండా ఎనిమిది రోజులు ఉండలేనని ఇంట్లో ఆగిపోవడం కూడా మంచిదే, మీ ఇద్దరికీ కాస్త ఊపిరాడుతుంది. ఈ మాట ఆయనకి చదివి వినిపించకు. కానీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో కింద రాస్తాను, ముందు మామూలు సంగతులు కానీ.

వీసా, విమానం, హోటళ్లు టూర్ వాళ్లే చూసుకుంటారు. నువ్వు చూడాల్సింది వాళ్లిచ్చిన ప్రోగ్రాం కాగితం. అందులో రాసిన ఒక్కో చోటా లోపలికి టికెట్ ఉందా, లేక బస్సు దిగి బయటినుంచి ఫొటో తీసుకుని మళ్లీ ఎక్కడమేనా, ఇప్పుడే అడుగు. మేం జపాన్ వెళ్లినప్పుడు ఒసాకా కోట అంటే కోట ముందు ఇరవై నిమిషాలు. బుల్లెట్ ట్రైన్ కూడా అంతే. టోక్యో నుంచి క్యోటో దాకా అందులోనే అనుకుని మురిసిపోయాం. ఎక్కించింది నగోయా నుంచి క్యోటో దాకా, ఒక్క ముక్క, 35 నిమిషాలు. మిగతా దారంతా బస్సే. పెట్టెలు కూడా ఆ బస్సులోనే వచ్చేస్తాయి, అదొక్కటే సుఖం.

బస్సు 8 గంటలకంటే 8 గంటలకే. మీ అమ్మ పూజ సంగతి నాకు తెలుసు కాబట్టి 5 గంటలకే లేపు. రోజుకి పదిహేను వేల అడుగులైనా నడవాలి, మెట్లు అదనం. బూట్లు ఇప్పుడే కొని రోజూ సాయంత్రం వేయించి నడిపించు. "చీర మీద బూట్లేంటే" అంటుంది, అననీ. సాక్సులకి చిల్లులు ఉండకూడదు, గుళ్లలో, కొన్ని హోటళ్లలో బయటే విప్పించేస్తారు. ఎస్కలేటర్ మీద టోక్యోలో ఎడమవైపు, ఒసాకాలో కుడివైపు నిలబడతారు. ఎందుకని అడక్కు. టిప్పు ఎవరికీ ఇవ్వక్కర్లేదు. వీధుల్లో చెత్తబుట్టలు కనబడవు, సంచిలో ఒక ఖాళీ కవరు ఉంచుకో. 500 యెన్‌లది నాణెమే, కానీ మన డబ్బులో మూడు వందలకు దగ్గర, చిల్లరనుకుని హుండీలో వేసేస్తుంది మీ అమ్మ. బాత్రూముల గురించి బెంగ వద్దు, బటన్ నొక్కితే నీళ్లొస్తాయి. ఏ బటన్ ఏదో మాత్రం మొదటి రోజే గైడుని అడిగి తెలుసుకో.

తిండి సంగతికొస్తే, మీ ప్రయాణం కార్తీకమాసంలో పడింది. మధ్యాహ్నం, రాత్రి ఇండియన్ హోటళ్లకే తీసుకెళ్తారు. ఇండియన్ అంటే పప్పుచారు కాదు, పనీరూ నానూ. మూడో రోజుకి మొహం మొత్తుతుంది. బయట ఎక్కడైనా "కూరగాయల సూపే" అని ఇచ్చినా నమ్మకు. అందులో చాలాసార్లు దాషి అని ఎండు చేప మరిగించిన నీళ్లుంటాయి, అక్కడ చాలామంది లెక్కలో అది చేప తిన్నట్టు కాదు. కందిపొడి, చింతకాయ పచ్చడి, అటుకులు నేను పంపుతాను. నువ్వు ఆఫీసు స్నేహితుల కోసం చికెన్ పచ్చడి మాత్రం సర్దుకోకు. మాంసంతో చేసినవి ఏవీ ఆ దేశంలోకి రానివ్వరు, పచ్చి కరివేపాకు, పళ్లు కూడా అంతే. నరితా ఎయిర్‌పోర్టులో చిన్న కుక్క వచ్చి పెట్టెలు వాసన చూస్తుంది. మా గ్రూపులో ఒకాయన నాలుగు జామకాయల కోసం గంటసేపు సంజాయిషీ చెప్పుకున్నాడు.

సోమవారాలు నక్తం ఉంటానంటుంది, ఉండనీ, నవంబరులో అక్కడ 5 గంటలకే చీకటి పడిపోతుంది. కానీ దీపం! హోటల్ గదిలో అగ్గిపుల్ల గీయనివ్వకు. దొప్పలో దీపం పెట్టి స్నానాల తొట్టిలో వదలాలని చూస్తుంది, నాకు తెలుసు దాని బుర్ర. అలారం మోగితే ఆ భవనంలోవాళ్లంతా మెట్ల మీద ఉంటారు. బ్యాటరీ దీపం ఒకటి కొనిపెట్టు, దేవుడు సర్దుకుంటాడు.

మందులు స్ట్రిప్పుల్లోనే ఉంచి, డాక్టరు చీటీతో పట్టుకెళ్లు, నెల రోజులకి మించి వద్దు. మనం జలుబుకి వేసుకునే మాత్రల్లో సూడోఎఫిడ్రిన్ ఉన్నవి కొన్ని అక్కడ నిషేధం. జలుబు మాత్రలు తీసి చూసి, అలాంటివి ఇంట్లోనే వదిలెయ్.

ఒక రాత్రి వేడినీటి బుగ్గల హోటల్లో ఉంచుతారు. యుకాటా అని నూలు అంగీ ఇస్తారు. ఎడమ అంచు పైకి రావాలి. నేను కుడిది పైకి వేసుకుని భోజనానికి దిగితే అక్కడ పనిచేసే పెద్దావిడ పరుగున వచ్చి, నవ్వుతూనే, నా అంగీ విప్పి మార్చి కట్టింది. కుడిది పైకి కట్టేది శవానికట. అందరి ముందూ సిగ్గుతో చచ్చాను, మీ పెదనాన్న మాత్రం "బతికించింది మహాతల్లి" అన్నారు.

సరే, నిద్ర పట్టని సంగతి.

మేం వెళ్లింది 2017 ఏప్రిల్లో. మీ పెదనాన్న గుళ్ల కోసం రాలేదు, పువ్వుల కోసం రాలేదు. ముప్పై నాలుగేళ్లు రైల్వే గార్డుగా చేసిన మనిషి, ఆ రైలు కోసం వచ్చారు. "1964లో మొదలెట్టారే దాన్ని, అప్పుడు నాకు పదేళ్లు" అని విమానంలో మూడుసార్లు చెప్పారు.

నగోయా ప్లాట్‌ఫారం మీద ఏ బోగీ తలుపు ఎక్కడ ఆగుతుందో ముందే గుర్తు పెట్టి ఉంటుంది, బండి వచ్చి సరిగ్గా అక్కడే ఆగుతుంది. మేం ముప్పై రెండు మందిమి. బండి నిమిషంన్నర మించి ఆగదని గైడు నాలుగుసార్లు చెప్పాడు. నేను ఎక్కి, సీటు వెతుక్కుని, సంచి ఒళ్లో పెట్టుకుని, పక్క సీటు మీద చెయ్యేసి "రండి" అన్నాను. ఆయన లేరు.

కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు, మాకు వీపు పెట్టి. అక్కడి రైల్వేవాళ్లకి ఒక పద్ధతి ఉంది. సిగ్నలైనా, తలుపులైనా, గడియారమైనా ఊరికే చూసి ఊరుకోరు. తెల్ల గ్లవ్ వేసుకున్న చేత్తో దానివైపు వేలు చూపించి, చూసింది పైకి చెప్తారు. కన్ను ఒకచోట, మనసు ఇంకోచోట ఉండకుండా. ఒక ఉద్యోగి అలా చేస్తుంటే ఈయన కొత్త పెళ్లికొడుకులా చూస్తూ నిలబడిపోయారు. పచ్చజెండా ఊపి ఎన్ని బళ్లు పంపించారో లెక్కలేని మనిషి, తను ఎక్కాల్సిన బండి కదులుతోందని చూసుకోలేదు.

తలుపులు మూసుకున్నాయి. నేను గట్టిగా అరిచాను. ఫోన్ కూడా మాట్లాడని జనం, బోగీ బోగీ అంతా తిరిగి చూసింది.

సీట్లో కూలబడ్డాక తట్టింది. ఆయన పాస్‌పోర్టు నా సంచిలో ఉంది. డబ్బు నా సంచిలో ఉంది. హోటల్ కార్డు, బీపీ మాత్రలు, మెడలో పలుపులా ఉందని విప్పేసి నాకిచ్చిన టూరు బిళ్ల, ఛార్జింగ్ లేదని నేనే తీసుకున్న ఫోను, అన్నీ నా సంచిలోనే. ఆయన జేబులో ఒక చేతిరుమాలు, ఒక పెన్ను. పరాయి దేశంవాళ్లు పాస్‌పోర్టు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని అక్కడ చట్టం. ఆయన పోగొడతారని ఎయిర్‌పోర్టులోనే లాక్కున్నాను మరి.

ఆ తర్వాత స్టేషన్ క్యోటోనే. 35 నిమిషాలు. చెయిన్ లాగుదామని వెతికాను, నవ్వకు. గైడు కండక్టరుతో మాట్లాడాడు, కండక్టరు ఫోన్లో ఎవరితోనో మాట్లాడాడు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వెనకసీటు గుంటూరావిడ హనుమాన్ చాలీసా అందుకుంది. నేను సంచి జిప్పు తీసి పాస్‌పోర్టులో ఆయన ఫొటో చూడటం, మూయటం, మళ్లీ తీయటం. ఏసీ బోగీలో జాకెట్టు తడిసిపోయింది.

అక్కడ ఈయనగారేమో అడుగు కదల్లేదట. తిరనాళ్లలో తప్పిపోతే నిలబడ్డ చోటే నిలబడాలని చిన్నప్పుడు వాళ్ల నాన్న నేర్పాడట. ఇంకోటి, పెన్ను తీసి అరచేతి మీద బండి నంబరు, బోగీ నంబరు, బయల్దేరిన టైము రాసుకున్నారు. ఉద్యోగం అలవాటు. స్టేషనువాళ్లు వచ్చి ఏదో అడిగితే అరచెయ్యి చూపించారు. కుర్చీ వేశారు, చక్కెర లేని పచ్చ టీ ఇచ్చారు, ఇంకో బండిలో కూర్చోబెట్టి పంపారు. క్యోటోలో ఒక కుర్రాడు ఆయన్ని మాకు అప్పజెప్పి, తప్పు తనదైనట్టు నడుం వంచి దండం పెట్టాడు. మీ పెదనాన్న అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టారు.

ఆ రోజంతా నేను ఆయనతో మాట్లాడలేదు. రాత్రి గదిలో ఆయనే అన్నారు, "భయం వేయలేదే. పేరు అడిగారు, చెప్పాను. అది నా పేరే అని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదని అప్పుడు తెలిసింది. నలభై ఏళ్లుగా అన్నీ నీ సంచిలోనే కదా." దెప్పిపొడవలేదు బుజ్జీ, మామూలుగా అన్నారు. దెప్పినా బాగుండేది.

నీ సంగతీ నాకు తెలుసు. మీ అమ్మ బ్యాంకు పుస్తకం నీ దగ్గరే, ఆధార్ నీ దగ్గరే, ఫోన్‌పే పిన్ నీకే తెలుసు. ప్రేమతోనే చేస్తావు, నేనూ అలాగే చేశాను. ఎయిర్‌పోర్టులో "నువ్వు పోగొడతావమ్మా, ఇటివ్వు" అని చెయ్యి చాపుతావు. చాపావంటే నామీద ఒట్టే. దాని పాస్‌పోర్టు దాని మెడలోనే ఉండాలి. ఆ రోజు రాత్రి ఉండబోయే హోటల్ కార్డు, జపనీసులో అడ్రసు ఉన్నది, ఏ పూటకాపూట మార్చి పెట్టు. గైడు నంబరు, పదివేల యెన్లు, ఒక రోజు మాత్రలు, పనిచేసే సిమ్ము ఉన్న ఫోను. పోలీసులకి 110, అంబులెన్సుకి 119. వీధి మలుపుల్లో కోబాన్ అని చిన్న పోలీసు గదులుంటాయి, ఒకటి చూపించు. రైలెక్కేటప్పుడు అది ముందు, నువ్వు వెనక. తప్పిపోతే కదలొద్దని చెప్పు, వెతుక్కుంటూ వచ్చేది నువ్వేనని కూడా చెప్పు. ఖాళీ సాయంత్రం ఉంది కదా అని షింజుకు స్టేషన్‌కి మాత్రం తీసుకెళ్లకు, దానికి బయటికి దారులే రెండు వందలకి పైన. నాకు టీవీలో చూసినా గుండెదడ.

పడిపోయిన గొడుగును కూడా దాచి ఇచ్చే మనుషులు వాళ్లు, మనిషిని పారేయరు. నాకూ తెలుసు. ఆ 35 నిమిషాలకి అది తెలియదు.

మర్నాడు పొద్దున మాకు ఖాళీ ఇచ్చారు. స్టేషన్ దగ్గర్నుంచి ఇరవై నిమిషాలు నడిచి సంజూసంగెందో అనే గుడికి వెళ్లాం. టూర్లు బంగారు పూత గుడికీ ఎర్ర తోరణాల కొండకీ తీసుకెళ్లి దీన్ని వదిలేస్తాయి. వదిలెయ్యకు. ఒకే పొడుగాటి చావిట్లో కన్నన్ అనే బౌద్ధుల కరుణా దేవత విగ్రహాలు 1001, వాటి ముందు కాపలా దేవతలు. వాళ్లలో ఇంద్రుడున్నాడు, గరుత్మంతుడున్నాడు, పేర్లు మారిపోయి. ఫొటోలు తీయనివ్వరు, అందుకే బాగా గుర్తుంది. నారా అనే ఊళ్లో పెద్ద బుద్ధుడి దగ్గర కూడా మీ అమ్మకి ఒక మాట చెప్పు: 752లో ఆ విగ్రహానికి కళ్లు తెరిపించింది మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. గైడు చెప్పకపోవచ్చు, బయట జింకల హడావుడిలో ఉంటాడు. ఆ జింకలు బిస్కెట్ల కోసం కొంగు పట్టుకుని లాగుతాయి, జాగ్రత్త.

ఆ సంజూసంగెందో గుళ్లోంచి బయటికొస్తూ మీ పెదనాన్న ఆగి, వేలు జేబు వైపు చూపించి "పాస్‌పోర్టు ఉంది" అన్నారు, పైకి. నా వైపు చూపించి "ఇదీ ఉంది" అన్నారు. అప్పట్నుంచి ఇంట్లో అదే పద్ధతి. గ్యాసు ఆఫ్. తలుపు వేశాం. పడుకునే ముందు నా వైపు వేలు. ఆస్పత్రిలో ఉన్న ఆ చివరి వారం కూడా మానలేదు.

రెండు గుడ్డ సంచులు కుట్టాను, మెడలో వేసుకుని చీర లోపల పెట్టుకునేలా. నీలంది నీకు, ఆకుపచ్చది మీ అమ్మకి. రోజూ బస్సెక్కే ముందు దాని సంచి వైపు వేలు చూపించి, దానిచేతే పైకి చెప్పించు. నవ్వుకుంటారు జనం, నవ్వుకోనీ. ఆదివారం వచ్చి పచ్చడి డబ్బాలతో పాటు తీసుకెళ్లు. ఆకుపచ్చదాని జిప్పు కొంచెం పట్టేస్తోంది, కొవ్వొత్తి రాస్తే జారుతుంది.

ఇట్లు
మీ పెద్దమ్మ