పగ కోసం బతికిన వైకింగ్ యోధుడు నిజంగా కత్తి వదిలేస్తాడా?

వైకింగ్ కథల్లో పగతో రగిలిపోయే యోధుడు చివరికి శాంతిమార్గం పడతాడు, నిజంగా అలా జరిగే వీలుందా అని అడిగారు.

ఉంది. అయితే ఒక్క రాత్రిలో జ్ఞానోదయమై కత్తి విసిరేయడం మాత్రం కాదు. తెర మీద అదే చూపిస్తారు, కొమ్ముల శిరస్త్రాణం చూపించినట్టే. ఆ కొమ్ములకు పేరొచ్చింది 1876లో జర్మన్ ఒపెరా దుస్తుల వల్ల, వైకింగులకు వాటితో పనిలేదు. ఈ రెండు అబద్ధాలూ పోతే తప్ప అసలు సంగతి అర్థం కాదు.

నాటి ఐస్‌లాండ్‌లో రాజు లేడు, పోలీసు లేడు. 930 నుంచి ఏటా వేసవిలో థింగ్‌వెల్లిర్ అనే చోట ఆల్‌థింగ్ అనే దేశసభ తీర్పు చెప్పేది, అమలు చేసుకోవాల్సింది గెలిచినవాడే. అందుకే పెద్దమనుషుల రాజీకి అంత విలువ. 1280 ప్రాంతంలో రాసిన న్యాల్ సాగాలో (సాగా అంటే ఐస్‌లాండ్ పాతకాలపు వీరగాథ) పేరున్న మనిషి ప్రాణం ఖరీదు 200 ఔన్సుల వెండి.

ఆ కథలో న్యాల్ అనే పెద్దాయన కొడుకులూ అల్లుడు కారీ కలిసి హోస్కుల్డ్‌ను చంపారు. అతని భార్య హిల్డిగున్ నెత్తుటి అంగీని దాచి ఉంచి, తన తండ్రి తోడబుట్టిన ఫ్లోసి ఇంటికొచ్చినప్పుడు భుజాల మీద కప్పింది. ఎండిన నెత్తురు పెళ్లలు పెళ్లలుగా రాలింది. అయినా ఫ్లోసి రాజీకి కూర్చున్నాడు. పన్నెండుమంది మధ్యవర్తులు మూడింతలు, అంటే 600 వెండి వేశారు. వాయిదాల్లేవు, అక్కడికక్కడే కట్టాలి. వాయిదా పెడితే పాత బాకీ కొత్త పగ అవుతుంది మరి. సగం మధ్యవర్తులే తమ చేతినుంచి వేశారు.

సొమ్మంతా పోగయ్యాక న్యాల్ దానిమీద ఒక పట్టు అంగీ, జత బూట్లు పెట్టాడు. అక్కడ చెడింది. "ఇదెవరిచ్చారు?" అని ఫ్లోసి అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. మళ్లీ అడిగాడు. మాటా మాటా పెరిగి, గడ్డం లేని న్యాల్ మగతనం దాకా వెళ్లింది. ఫ్లోసి వెండి కుప్పను తన్నేశాడు. ఆ శరత్కాలంలోనే ఫ్లోసి తన మనుషులతో వెళ్లి న్యాల్ ఇంటిని లోపలివాళ్లతో సహా తగలబెట్టాడు. సొమ్ము సరిపోయినా పరువు సరిపోలేదు. రాజీలు చెడేది ఎక్కువగా ఇక్కడే అని నా గట్టి నమ్మకం.

తర్వాతి సభలో కత్తులు దూశారు. హాల్ అనే పెద్దాయన కొడుకు ల్యోట్ పోయాడు. హాల్ లేచి, నా కొడుక్కి పరిహారం వద్దు, ఎదుటివాళ్లకు అభయమిస్తున్నా అన్నాడు. ముడి విడింది ఆ మాటతోనే. సభలోని వాళ్లు తలా కొంత వేస్తే ఆయనకు 800 వెండి పోగైంది, నాలుగు ప్రాణాల ఖరీదు! నన్నడిగితే ఈ సాగాలో అసలు వీరుడు హాలే, ఆయన పేరు ఎవరూ ఎత్తకపోవడం అన్యాయం.

కారి మాత్రం రాజీకి రాలేదు. అతని పసివాడు థోర్డ్ ఆ మంటల్లోనే పోయాడు. తగలబెట్టినవాళ్లను సముద్రం దాటి వెంటాడాడు. అతని చేతిలో పోయినవాళ్లలో చివరివాడు కోల్, వేల్స్‌లో వెండి లెక్కపెడుతుంటే కారి నరికాడు. తల ఎగిరిపోతూ "పది" అందట.

అక్కడితో ఆపాడు. ఫ్లోసి రోమ్ వెళ్లి పోప్ దగ్గర పాపవిముక్తి పొందాడు, తర్వాత కారీ అంతే. తిరుగు ప్రయాణంలో ఐస్‌లాండ్ తీరాన ఇంగోల్ఫ్స్‌హోఫ్ది దగ్గర కారి ఓడ బద్దలైంది, మనుషులు మాత్రం బయటపడ్డారు. బయట మంచుతుఫాను. ఇప్పుడేం చేద్దామని వాళ్లడిగితే, స్వీనాఫెల్ వెళ్లి ఫ్లోసి పెద్దమనసు ఏపాటిదో చూద్దాం అన్నాడు. శత్రువు గడప తొక్కాడు, అదీ ఆశ్రయం కోరి. ఫ్లోసి చూడగానే గుర్తుపట్టి, లేచి ఎదురెళ్లి ముద్దుపెట్టుకుని, తన పక్కన పెద్దపీట మీద కూర్చోబెట్టాడు. ఆ చలికాలమంతా అక్కడే ఉండమన్నాడు.

కారి భార్య అప్పటికే చనిపోయింది. ఫ్లోసి అతనికి హిల్డిగున్‌నే ఇచ్చి పెళ్లి చేశాడు, హోస్కుల్డ్ మీద దెబ్బవేసినవాళ్లలో కారి కూడా ఉన్నాడని తెలిసే. ఇద్దరూ మొదట బ్రెయిదాలో కాపురం పెట్టారు.