స్మారక స్టాంపులు ఆపేస్తున్నారట అని వింటే

చిరంజీవికి ఆశీస్సులు.

స్మారక స్టాంపులు ఆపేస్తున్నారని విని, దొరికినన్ని కొనెయ్యాలా అని అడిగావు. ఇప్పుడే ఒక్కటీ కొనకు. ‘ఆపేయడం’ అంటే ఏమిటని ఆ వార్త చెప్పినవాళ్లనే అడుగు. కౌంటర్లో అమ్మకం ముగియడం వేరు, చేతిలోని స్టాంపు ఉత్తరానికి చెల్లకపోవడం వేరు, కొత్తవి విడుదల చెయ్యకపోవడం వేరు. పుకారు ఈ మూడింటినీ కలిపేస్తుంది.

అమ్మకం ముగియడం మామూలే. రోజువారీ వాడుక స్టాంపుల్ని అయిపోయినకొద్దీ మళ్లీ అచ్చు వేస్తారు. స్మారక స్టాంపుల్ని సాధారణంగా ఒక్కసారే, లెక్కగా వేస్తారు. ‘ఆ స్టాంపు ఇక రాదు’ అన్న మాట నాలుగు నోళ్లు దాటేసరికి ‘స్మారక స్టాంపులే ఇక రావు’ అయి కూర్చుంటుంది.

చెల్లుబాటు సంగతికి బ్రిటన్ మంచి ఉదాహరణ. బార్‌కోడ్ లేని రోజువారీ స్టాంపులకు అక్కడి తపాలా సంస్థ రాయల్ మెయిల్ 2023 జనవరి 31 గడువు పెట్టి, జూలై 31 దాకా సడలించింది. పాతవి తీసుకుని కొత్తవి ఉచితంగా ఇచ్చింది. బొమ్మల స్మారక స్టాంపులకు ఆ నిబంధన వర్తించలేదు. శీర్షిక చదివి ఆగిపోతే ఆల్బమ్ మొత్తం చెల్లదనిపిస్తుంది.

అందుకే అసలు ప్రకటన తెప్పించుకో. జారీ తేదీ, ఏ రకం స్టాంపులు, గడువు, మార్పిడి పద్ధతి ఉన్నాయా చూడు. ఫార్వర్డ్ అయ్యే ఫొటోల్లో ఎక్కువగా తేదీ ఉన్న భాగమే కత్తిరించి ఉంటుంది. తర్వాత తపాలా శాఖ వార్షిక విడుదలల పట్టిక తెరువు. రాబోయే స్మారక స్టాంపులు అందులో ఉంటే పుకారు అక్కడితో సరి. ప్రపంచ తపాలా సంఘం 2002 నుంచి నడిపే డబ్ల్యుఎన్ఎస్ జాబితా (దేశాలు అధికారికంగా విడుదల చేసిన స్టాంపుల నమోదు) కూడా ఉపయోగమే. కానీ అన్ని దేశాలూ అందులో చేరలేదు కాబట్టి, అక్కడ లేనంత మాత్రాన స్టాంపు విడుదల కాలేదనుకోకు.

భయపడి షీట్లకు షీట్లు కొంటే నష్టం నీకే. అందరూ దాచిన స్టాంపుకి కొరత రాదు, కొరత లేనిదానికి ధర పెరగదు. పైగా ఒకదానిమీద ఒకటి పేర్చిన షీట్లు తేమకి జిగురు కరిగి అతుక్కుపోతాయి.

ఇంకా అనుమానముంటే స్టాంపులు సేకరించేవాళ్ల కోసం తపాలా శాఖ నడిపే ఫిలాటెలిక్ బ్యూరోకి ఒక్క ప్రశ్నే రాయి: ‘ఫలానా ఏడాది విడుదలైన ఫలానా స్టాంపు ఫలానా తేదీ తర్వాత చెల్లుతుందా?’ వచ్చిన జవాబుని ఆల్బమ్‌లో దాచుకో, నకలు నీకు వార్త పంపినవాళ్లకి పంపు.