తల్లి పడుకున్న మంచం దగ్గరికి వెళ్లు

తిరుపతి

నాయనా,

నువ్వు పంపిన ఎపిసోడ్ రెండుసార్లు చదివాను. కిడ్నీ మార్చిన పదో రోజు ఆ పీలేరు కుర్రాడి కళ్లు పచ్చబడటం, మూత్రం కాఫీ రంగుకు తిరగడం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ మాత్రం బాగానే ఉండటం... చిక్కుముడి గట్టిగానే వేశావు. కొత్త అవయవాన్ని ఒళ్లు తిప్పికొడుతుందని అందరికీ తెలుసు. 1954లో బోస్టన్‌లో మొదటిసారి కిడ్నీ మార్పిడి నిలిచిందంటే ఆ ఇద్దరూ ఒకే పోలిక కవలలు కాబట్టే. నీ కథలో అది తలకిందులైంది. తల్లి ఇచ్చిన కిడ్నీతోపాటు వచ్చిన ఆమె తెల్లకణాలు యాంటీబాడీలు తయారుచేసి కొడుకు ఎర్రకణాలను పగలగొడుతున్నాయి. ఆమె రక్తం ‘ఓ’ గ్రూపు, వాడిది ‘ఏ’; ‘ఓ’ వాళ్ల తెల్లకణాలకు ‘ఏ’ ఎర్రకణాలు పరాయివి.

ఈ సంగతి మనకెప్పుడు తెలుస్తుంది? చివరి సీనులో, పెద్ద డాక్టరు నోట. అంతవరకూ ఆమె గ్రూపు ఊసే లేదు. ఇది చూసేవాళ్లకు అన్యాయం. మొదట్లోనే ఆమె చేత అనిపించు: "నాది ఓ గ్రూపంట సార్, ఎవురికైనా ఇయ్యొచ్చని చెప్పినారు." అందరూ ఊరట పడే మాట అది. తర్వాత హిమోగ్లోబిన్ పడిపోయిందని వాడి గ్రూపు రక్తమే ఎక్కించనీ. నిలవదు. మళ్లీ ఎక్కించనీ. లోపలెక్కడో కారుతోందేమోనని స్కానింగులు తీయనీ. ఎర్రకణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయేమో చూసే కూంబ్స్ పరీక్ష పాజిటివ్ వచ్చాక ఒక జూనియర్‌కు ఆ మాట గుర్తుకు రావాలి. ‘ఓ’ గ్రూపు ఎర్రకణాలు ఎక్కిస్తే నిలుస్తాయి. తల్లి కణాలు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే అణిగిపోతాయి. కాబట్టి ఆ అర్ధరాత్రి అంబులెన్సు పరుగులు తీసెయ్.

నాకు బాధ కలిగింది మాత్రం ఇంకోచోట. ఆపరేషన్ తర్వాత ఆ తల్లి నీ స్క్రిప్టులో ఎక్కడా లేదు. మా అక్క మా తమ్ముడికి కిడ్నీ ఇచ్చినప్పుడు ఆసుపత్రి వరండాలో చాపేసుకుని పన్నెండు రాత్రులున్నాను. వచ్చిన ప్రతి చుట్టమూ "వాడికెట్లుంది?" అనే అడిగారు. అక్క పక్క వార్డులో గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తుంటే, చెంబెడు నీళ్లివ్వాలని నాకే తట్టలేదు. మన దేశంలో బతికుండి కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఇక్కడి స్విమ్స్ ఆసుపత్రిలో డయాలసిస్ వార్డు బయట ఒక పూట కూర్చో, క్యారియర్లు మోసే చేతులు ఎవరివో చూడు.

జూనియర్ ఆమె దగ్గరికి వెళ్లి గ్రూపు మళ్లీ అడగాలి. ఆమె వెంటనే పసిగడుతుంది. "నేనిచ్చిందాని వల్లనేనా నాయనా వాడికిట్లయింది?" అంటుంది. ఆ కుర్ర డాక్టరు ఏం చెబుతాడు? అబద్ధం చెప్పకూడదు, ఆమెను కుంగదీయనూ కూడదు. నీ ఎపిసోడ్ అంతా అక్కడుంది. ఎన్ని పేజీలైనా పట్టనీ.

అన్నట్టు, పాత కిడ్నీలు తీసేసి ఆ చోట కొత్తది పెట్టినట్టు రాశావు. సాధారణంగా వాటిని తీయరు. కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన అమరుస్తారు. అది దిద్ది పంపు.

ఆశీస్సులతో