అమ్మ సూది, నీ పిట్టలు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరమూ, దాంతో పంపిన కథా మొన్న సాయంత్రం చేరాయి. ముందు ఉత్తరం సంగతి చెప్తాను. ఎందుకంటే నీ కథ కన్నా నీ ఉత్తరమే బాగుంది.

"మాస్టారూ, నాకు ఏదీ పూర్తిగా రాదు" అని మొదలుపెట్టావు. వీణ మూడేళ్లు నేర్చుకుని వర్ణాల దగ్గర ఆపేశావు. చదరంగం జిల్లా పోటీల దాకా వెళ్లి వదిలేశావు. ఆదివారం తెల్లవారుజామున నాన్నగారి బండి తీసుకుని ఉప్పలపాడు చెరువుకి పోయి పిట్టల్ని చూస్తావు. ఇంట్లో ఉంటే అమ్మ పక్కన మగ్గం దగ్గర కూర్చుని పూసలు కుడతావు. ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగంలో చేరమని నాన్నగారు అంటున్నారు. నువ్వేమో రచయిత్రివి కావాలనుకుంటున్నావు. ఇవన్నీ కట్టిపెట్టి రాయడం ఒక్కదాని మీదే కూర్చోవాలా అని అడిగావు.

వద్దమ్మా. ఒక్కటి కూడా కట్టిపెట్టొద్దు.

ఇప్పుడు కథ. హైదరాబాదులో ఒక కుర్రాడు, అద్దాల ఆఫీసు, కాఫీ షాపు, తెగిపోయిన ప్రేమ. వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి. కానీ ఆ కాఫీ షాపులో కుర్చీ ఎలా ఉంటుందో నాకు కనబడలేదు, నువ్వూ చూడలేదు గనక. నాలుగో పేజీలో మాత్రం ఆ కుర్రాడికి వాళ్లమ్మ గుర్తొస్తుంది. "అమ్మ ఎడమ చెయ్యి ఎప్పుడూ గుడ్డ కిందే ఉండేది" అని ఒక్క వాక్యం రాసి వెళ్లిపోయావు. నేను వెళ్లలేకపోయాను. మర్నాడు పొద్దున్నే మా వీధి చివర మగ్గం పని చేసే ఆవిడ ఇంటికి వెళ్లి, ఒక గంట చూస్తూ కూర్చున్నాను.

చెక్క చట్రానికి బిగించి కట్టిన జాకెట్టు గుడ్డ. పైన కుడిచేతిలో ఆరీ సూది, కింద ఎడమచేతిలో దారం. సూది కొక్కెం గుడ్డలోంచి దిగి, కంటికి కనబడని ఆ దారాన్ని తగిలించుకుని పైకొస్తే ఒక గొలుసు కన్ను పడుతుంది. ఆవిడ నాతో మాట్లాడుతూనే ఉంది, కింది చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. ట్రేసింగు కాగితం మీద బెజ్జాలు పొడిచి, కిరసనాయిల్లో కలిపిన తెల్లపొడిని గుడ్డముక్కతో రుద్దితే డిజైను కిందికి దిగింది. ఆ వాసన మీ ముందుగదిలో రోజంతా ఉంటుందని, కాలేజీకి వెళ్లేటప్పుడు నీ చున్నీకి కూడా పట్టుకుంటుందని నీ ఉత్తరంలో రాశావు. ఆ మాట కథలో ఎందుకు లేదు? కిరసనాయిలు వాసన సాహిత్యంలోకి రాదనుకున్నావు. ఇంట్లో ఉన్నది బతుకుతెరువు, పుస్తకాల్లో ఉండేది ఇంకేదో అనుకున్నావు. నీ వయసులో నేనూ సరిగ్గా ఇలాగే అనుకున్నాను. దానివల్ల నాకు పదేళ్లు దండగయ్యాయి. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

మా నాన్న కంపోజిటరు. తెనాలిలో ఒక చిన్న ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చేవాడు. తెలుగు కంపోజింగు అంటే గుణింతాలు, వత్తులు, అన్నిటికీ గళ్లు. ఆ గళ్ల పెట్టెల (కేసుల) ముందు పొద్దున నిలబడితే మధ్యాహ్నం అన్నానికే కదిలేవాడు. చూడకుండానే చెయ్యి సరైన గడిలోకి పోయేది. వరస పేర్చుకోవడానికి చేత్తో పట్టుకునే చిన్న చట్రాన్ని స్టిక్కు అంటారు. అందులో అక్షరాలు తిరగేసి పేరుస్తారు కదా, ఆయన పక్కన నిలబడి నేను అక్షరాలు తిరగేసి చదవడమే ముందు నేర్చుకున్నాను. బళ్లో నల్లబల్ల మీద అవి తిన్నగా కనబడితే కొన్నాళ్లు వింతగా ఉండేది.

పెళ్లిళ్ల కాలంలో శుభలేఖల వాళ్లు కాగితం నిండా రాసుకుని వచ్చేవాళ్లు. కార్డులో అంత చోటుండదు. నాన్న పెన్సిల్ తీసుకుని ఒక్కో మాటా కొట్టేస్తూ, వాళ్లకి వినబడేలా చదివేవాడు. పేర్ల పక్కన "గారు" ముట్టుకునేవాడు కాదు. ఊరి పేరూ, ముహూర్తమూ ముట్టుకునేవాడు కాదు. విశేషణాలన్నీ పోయేవి. చివరికి కార్డు చూసుకుని వాళ్లు సంతోషంగా వెళ్లేవాళ్లు. ఈ రోజుకీ నేను కథ దిద్దేటప్పుడు నా చేతిలో ఉండేది ఆ పెన్సిలే. అప్పట్లో అది చదువని నాకు తెలియదు. మసి చేతుల నాన్నని స్నేహితులకి చూపించడానికి నామోషీ పడేవాణ్ని. చెప్పడానికి ఇప్పటికీ కష్టంగానే ఉంది.

రెండోది హార్మోనియం. మా మేనమామ పద్యనాటకాలకి వాయించేవాడు. శివరాత్రి జాగరణలకి, తిరనాళ్లకి నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవాడు. ఆయనకి నిద్రొస్తే తెల్లవారుజామున బెల్లోస్ ముందు నన్ను కూర్చోబెట్టేవాడు. నటుడు పద్యం చివర రాగం తీస్తూ ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో కనిపెట్టి, అక్కడ పెట్టె ఆ సందు నింపాలి. ముందుగా వస్తే పద్యం చెడుతుంది, ఆలస్యమైతే నటుడు పడిపోతాడు. నేలమీద కూర్చున్న జనం ఎక్కడ దగ్గుతారో, ఎక్కడ గాలి పీల్చడం కూడా మానేస్తారో ఆ మూలనుంచి బాగా తెలిసేది. సంభాషణలో ఎక్కడ ఆగాలో నాకు వచ్చిందంటే అక్కడ వచ్చిందే. ఆ విషయం నలభయ్యో ఏట గ్రహించాను.

కంప్యూటరు అచ్చు వచ్చాక ఆ ప్రెస్సు మూతపడింది. టైపంతా తూకానికి అమ్మేశారు. నాన్న ఒక్క స్టిక్కు ఇంటికి తెచ్చుకున్నాడు. నన్ను బ్యాంకు పరీక్షలు రాయమన్నాడు, రాశాను, రాలేదు. ఒక పత్రికలో ప్రూఫులు దిద్దే పని దొరికింది. అక్షరాలమీద కన్ను నాన్నది కనక ఆ పని నిలబడింది. తర్వాత సబెడిటరునయ్యాను, రాత్రి డ్యూటీ దిగి వచ్చి కథలు రాసుకున్నాను. ఈ దారి ఎవరూ గీసి ఇవ్వలేదు. నేనూ గీసుకోలేదు. ఇంట్లో నాన్న చేతులు, మేనమామ పెట్టె, అవసరానికి దొరికిన ఉద్యోగం, మూడూ కలిసి నన్ను ఇటు తీసుకొచ్చాయి.

ఇదేదో నా ఒక్కడి సంగతి అనుకుంటావేమో. గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితం చూడు. 1863లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. కుటుంబ భారం మీదపడి, పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. బళ్లో చెప్పేది చరిత్ర. దగ్గర్లోనే వంశధార ఒడ్డున శ్రీముఖలింగం గుడి, దాని గోడల నిండా శాసనాలు. చదవమని ఆయన్ని ఎవరూ అడగలేదు. పాత లిపులు సొంతంగా నేర్చుకుని ఆ గోడల్ని చదివారు. చుట్టుపక్కల కొండల్లో సవరలనే గిరిజనులు మాట్లాడుకుంటుంటే ఆ భాష మీద మనసు పోయింది. సవరా తెలుగూ రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాటా నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని తాపత్రయపడ్డారు. ఎన్నో ఏళ్ల పని అది. సవర భాష మీద ఆయన పుస్తకం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి.

మనమంతా ఆయన్ని వాడుకభాషా ఉద్యమం వల్ల తలుచుకుంటాం. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకున్నాం. కానీ ఆ పోరాటానికి కావలసిన సాధనాలన్నీ అంతకుముందు "ఊరికే" నేర్చుకున్నవాటిలో ఉన్నాయని నా నమ్మకం. గోడల మీది శాసనాలు చదివిన మనిషికి భాష శతాబ్దాల పొడుగునా ఎలా మారుతూ వచ్చిందో కంటితో చూసినట్టు తెలుసు. లిపి లేని భాషని చెవితో పట్టుకున్న మనిషికి, నోట్లో ఉన్నదే భాష అని తెలుసు. ఆయన కుమారుడు సీతాపతిగారు తండ్రి పనిలో చెయ్యి వేసి, తానూ భాషా పండితుడయ్యారు. ఆ ఇంట్లో పెరిగితే మాటలమీద ధ్యాస పుట్టకుండా ఎలా ఉంటుంది?

ఇంకో ఇల్లు. కొడవటిగంటి కుటుంబరావుగారు భౌతికశాస్త్రం చదువుకున్న మనిషి. 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామని నడిపించారు. కథలు, నవలలే కాక సైన్సు మీద, సంగీతం మీద, సినిమా మీద, చరిత్ర మీద అలుపులేకుండా వ్యాసాలు రాశారు. వారి అబ్బాయి రోహిణీప్రసాద్‌గారు ముంబైలో భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త, సితార్ వాద్యకారుడు, తెలుగులో విజ్ఞానశాస్త్రం చక్కగా విప్పి చెప్పిన రచయిత. ఈ మూడింట్లో ఆయన అసలు వృత్తి ఏదని అడిగితే జీతం లెక్కన జవాబు చెప్పొచ్చు. ఆయన వ్యాసాలు చదివినప్పుడు నాకు ఆ ప్రశ్నే రాలేదు. నాన్న బల్లమీద అన్ని రకాల పుస్తకాలున్న ఇంట్లో పిల్లవాడికి సైన్సు ఒక గది, సంగీతం ఇంకో గది అని గోడలు లేకుండా పోయాయేమో అనిపించింది.

ఉద్యోగం గురించి. చేరు. నాన్నగారు నీ రాతకి అడ్డం వస్తున్నారని రాశావు, అది సరి కాదు. ఆటో విడిభాగాల దుకాణంలో ఇరవై ఏళ్లుగా అరువు లెక్కలు చూసుకుంటున్న మనిషికి నెలజీతం అంటే ఏమిటో నీకన్నా బాగా తెలుసు. కథకి వచ్చే పారితోషికంతో ఇల్లు గడవదు, నేను చేసి చూసిందే చెప్తున్నాను. పైగా ఉద్యోగం కూడా చూపునిస్తుంది. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు విశాఖపట్నంలో వకీలు. కోర్టుకి వచ్చిన దిక్కులేని జనాన్ని రోజూ చూశారు కనకే "ఆరు సారా కథలు" వచ్చింది. కాళీపట్నం రామారావుగారు బళ్లో పాఠాలు చెప్పుకుంటూ రాశారు. కథలంటే ఉన్న ఆ ప్రేమే 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల గ్రంథాలయమైంది. నీ ఆఫీసులో నీ పక్కసీటువాళ్లు ఎవరింటికి డబ్బు పంపుతున్నారో, రాత్రి క్యాబ్ డ్రైవరు ఏ ఊరివాడో కనుక్కో. ఏడాది తర్వాత నీ అద్దాల ఆఫీసు కథ మళ్లీ రాస్తే అందులో కుర్చీలు ఉంటాయి.

ఒక్క షరతు. పొద్దున ఒక గంట రాతకి పెట్టుకో, ఆ గంటని ఇంట్లో అందరికీ చెప్పు. దాచిపెట్టుకుని రాస్తే ఇంటివాళ్లు నీకు పరాయివాళ్లవుతారు. నేను మా నాన్నకి నా మొదటి కథ చూపించలేదు. అచ్చయ్యాక ఆయనే ఎవరిదగ్గరో పత్రిక తెచ్చుకుని చదివి, మూడో పేజీలో ఒక వత్తు తప్పు పడిందని మాత్రం అన్నాడు. ఆ తప్పు చుట్టూ పెన్సిలుతో గీసిన సున్నా ఉన్న పేజీ నా దగ్గర ఇప్పటికీ ఉంది. ముందే చూపించి ఉంటే మా ఇద్దరికీ ఇంకొన్నేళ్లు మాట్లాడుకోవడానికి ఏదో ఉండేది.

సరదాల విషయంలో నీకో జాగ్రత్త చెప్పాలి. కథకి పనికొస్తుందని పిట్టల్ని చూడకు. చెరువు మధ్య చెట్లమీద గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ పక్కపక్కనే గూళ్లు కట్టుకుంటే, ఏది దేని కొమ్మమీదికి జరుగుతుందో, పిల్లలు తల్లి గొంతు సంచిలోకి మూతి దూర్చి చేపని ఎలా లాక్కుంటాయో, దానికోసమే చూడు. నోటుబుక్కు ఇంట్లో పెట్టి వెళ్లినా ఫరవాలేదు. నేను కొన్నాళ్లు ఫొటోలు తీశాను, కొన్నాళ్లు ఈత నేర్పాను. అవి నా రాతలోకి ఎలా వచ్చాయో, అసలు వచ్చాయో లేదో చెప్పలేను. మంచి సాయంత్రాలిచ్చాయి. వీణ మళ్లీ పట్టుకోవాలనిపిస్తే పట్టుకో, లేకపోతే లేదు. మధ్యలో ఆపేశానన్న నేరభావం మాత్రం పెట్టుకోకు. మూడేళ్లు శ్రుతి చూసుకున్న చెవి అంత తేలిగ్గా పోదు. నీ ఉత్తరంలో వాక్యాలు ఎక్కడా తడబడకపోవడం దాని పుణ్యమే కావచ్చు.

కథ తిరిగి పంపుతున్నాను. నాలుగో పేజీలో ఆ వాక్యం కింద గీత గీశాను. మిగతా అంతా పక్కనపెట్టి, ఆ వాక్యంతో కొత్త కథ మొదలుపెట్టు. కుర్రాడు వద్దు. రాసేముందు ఒక రోజు అమ్మ దగ్గర ఊరికే కూర్చుని, ఆవిడ వాడే మాటలు అడిగి రాసుకో. మా వీధి ఆవిడ కింది చేతి పట్టుకి ఏదో పేరు చెప్పింది, నాకు సరిగ్గా వినబడలేదు. మళ్లీ అడగడానికి మొహమాటపడ్డాను. మీ అమ్మగారు దాన్ని ఏమంటారో కనుక్కుని రాయి. కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తే ఏం చేస్తారో, పెళ్లిళ్లు లేని నెలల్లో ఇల్లు ఎలా నడుస్తుందో, అదీ అడుగు.

అలాగే ఈసారి ఉప్పలపాడు వెళ్లినప్పుడు గూడబాతులు ఏ మేరకి వచ్చాయో చెప్పు. మోకాళ్లు సహకరిస్తే చలికాలంలో ఒక ఆదివారం నేనూ వస్తాను. నాన్నగారినీ తీసుకురా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు