మనుషులకొచ్చే అరుదైన రక్తవ్యాధిని ఎలుక కణాల్లో ఎందుకు పరిశోధిస్తారు?

ముఖ్య కారణం, రోగులు చాలా తక్కువ, వాళ్లలోనూ చిన్నపిల్లలుంటారు, ప్రయోగానికి కావాలన్నప్పుడల్లా వాళ్ల ఎముక మజ్జ తీయలేం, తీయకూడదు కూడా.

రక్తకణాలు ఎదగడానికి కావాల్సిన గాటా1 అనే జన్యువునే తీసుకోండి. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లలకు ఆ క్రోమోజోమ్ ఒక్కటే ఉంటుంది కాబట్టి అందులో లోపం వస్తే రక్తహీనత, ప్లేట్‌లెట్లు తగ్గిపోవడం లాంటివి ఎక్కువగా మగపిల్లల్లోనే కనిపిస్తాయి. ఎలుకలో ఈ జన్యువు పూర్తిగా తీసేస్తే పిండం తీవ్ర రక్తహీనతతో కడుపులోనే చనిపోతుంది, అందుకే శాస్త్రవేత్తలు గాటా1 లేని ఎలుక మూలకణాల నుంచి జీ1ఈ అనే కణాలను తయారుచేశారు. ఇవి ఎర్రరక్తకణాలుగా మారే దారిలో మధ్యలోనే ఆగిపోయి, అలాగే విభజన చెందుతూ ఉంటాయి. నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి మెట్టు: గాటా1ను తిరిగి పెడితే అవి మళ్లీ ఎదిగి హిమోగ్లోబిన్ చేస్తాయి. ఈ కణాల్లోనే ఈఆర్4 అనే రకంలోనైతే గాటా1ను ఈస్ట్రోజెన్ గ్రాహకంలోని ఒక భాగంతో కలిపి పెట్టారు, ఎస్ట్రాడయోల్ అనే ఈస్ట్రోజెన్ హార్మోన్ వేస్తే స్విచ్ నొక్కినట్టు పని మొదలవుతుంది, ఏ జన్యువు ఎప్పుడు మేల్కొందో గంటగంటకీ చూడొచ్చు.

మామూలు గాటా1కు బదులు రోగిలో దొరికిన మార్పున్నది పెట్టి చూస్తే, చెడింది ఏమిటో తెలుస్తుంది. 2000లో ఒక కుటుంబంలో బయటపడిన వీ205ఎం అనే మార్పు అలాంటిదే, ఆ మార్పున్న గాటా1 ప్రోటీన్ తనతో కలిసి పనిచేసే ఫాగ్1 అనే ప్రోటీన్‌ని సరిగా పట్టుకోలేదు.

కొన్నిటికి మాత్రం ఇది పనికిరాదు. పుట్టిన తర్వాత శిశు హిమోగ్లోబిన్ నుంచి పెద్దల రకానికి మారడం ఎలుకల్లో మనలాగా జరగదు, అలాంటి ప్రశ్నలకు మనిషి కణాలే కావాలి.